దొరలు చద్దన్నం తిన్న రోజు

2022 మే ఒకటిన రాయ్‌పూర్‌లో దొరలు చద్దన్నం తిన్నారు.

ఛత్తీస్‌గఢ్‌లో దాన్ని బోరే బాసీ అంటారు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే ఇంత ఉప్పేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ, పచ్చిమిరపకాయ నంజుకుంటూ సగం తిని సగం తాగుతారు. ఎండలో మట్టి తవ్వేవాడి కడుపును మధ్యాహ్నం దాకా కాసేది అదే. మే డే కదా, శ్రమజీవుల గౌరవార్థం రాష్ట్రమంతా ఆ రోజు బోరే బాసీ తినాలని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చారు. ముఖ్యమంత్రి పిలుపిస్తే అధికారికి ఆకలి దానంతటదే వేస్తుంది. ఐఏఎస్‌లు తిన్నారు, ఐపీఎస్‌లు తిన్నారు, మంత్రులు తిన్నారు, మంత్రుల వెనక తిరిగేవాళ్లూ తిన్నారు. తినే ముందు ఫోటో దిగారు. సాయంత్రానికి సోషల్ మీడియా నిండా గిన్నెలే. చద్దన్నం తినే మొహాల్లో అంత వెలుగు నేను పుట్టి బుద్ధెరిగిన తర్వాత చూడలేదు.

నాకు చద్దన్నం మీద కోపం లేదు. మన నాన్నలూ తాతలూ దాని మీదే పెరిగారు. కూలివాడి తిండి నామోషీ కాదని ఒక ముఖ్యమంత్రి అనడంలోనూ తప్పు లేదు. నా అనుమానం ఒక్కటే. ఆ పూట రాయ్‌పూర్ చౌరస్తాల్లో పని కోసం నిలబడ్డ కూలీలు కూడా పొద్దున్నే అదే తిని వచ్చి ఉంటారు. వాళ్ల గౌరవార్థం జరిగిన పండగలో వాళ్ల గిన్నెల ఫోటో నాకైతే కనబడలేదెందుకు? పెళ్లికొడుకు లేకుండా జరిగిన పెళ్లి అది.

ఇంతకీ ఆ ఏడాది ఛత్తీస్‌గఢ్‌లో శ్రమజీవుల గౌరవం ఎలా వర్ధిల్లిందో చూద్దాం.

ఏప్రిల్ ఒకటి నుంచి ఉపాధి హామీ కూలి 193 రూపాయల నుంచి 204కు పెరిగింది. అంటే రోజుకు పదకొండు రూపాయలు. జూలైలో శాసనసభ తన జీతం తానే పెంచుకుంది. ఎమ్మెల్యే నెల రాబడి 95 వేల నుంచి లక్షా అరవై వేలకు చేరింది. నెలకు 65 వేల పెంపు. లెక్కలంటే సరదా ఉన్నవాళ్ల కోసం చెబుతున్నాను. అప్పటి చట్టం హామీ ఇచ్చిన వంద రోజుల పనీ ఏటా దొరికితే, కూలివాడికి పెరిగిన ఆ పదకొండు రూపాయలు పోగుచేసుకుంటూ పోతే, ఎమ్మెల్యేగారికి ఒక్క నెలలో పెరిగిన మొత్తం చేతికి రావడానికి 59 ఏళ్లు పడుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు అప్పుడు పలుగు పడితే డెబ్బై తొమ్మిదో ఏట అందుకుంటాడు. తొందరేముంది? చద్దన్నం తినేవాళ్లు గట్టిగా ఉంటారని పెద్దలే చెబుతున్నారు.

అదే ఏప్రిల్ ఆరున హస్‌దేవ్ అడవుల్లోని పర్సా బొగ్గు గనికి రాష్ట్ర ప్రభుత్వం ఆఖరి అనుమతి ఇచ్చింది. అంతకు ముందు అక్టోబర్‌లో ఆ అడవిలోని గోండులూ తదితర ఆదివాసీలూ మూడు వందల కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ వచ్చారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంకలో పిల్లలు. గవర్నర్‌ను కలిశారు. ముఖ్యమంత్రిని కలిశారు. గని వద్దని చెప్పుకుని వెళ్లారు. ఆరు నెలలు తిరక్కుండానే గనికి పచ్చజెండా ఊపేశారు. ఆ బొగ్గు రాజస్థాన్‌లో కరెంటు కోసం. అక్కడ ఎవరి గదో చల్లబడాలి కాబట్టి ఇక్కడ ఎవరి నీడో పోవాలి.

అదే నెలాఖరులో రైల్వేవాళ్లు ఛత్తీస్‌గఢ్ మీదుగా పోయే ఇరవైకి పైగా రైళ్లను నెలరోజుల పాటు రద్దు చేశారు. ఎందుకయ్యా అంటే దేశంలో బొగ్గుకు కరువొచ్చింది, బొగ్గు బండ్లకు దారి ఇవ్వాలి. పేదవాడి బండి ఆగి బొగ్గు బండికి సలాం కొట్టింది. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని గట్టిగానే నిలదీసింది, ఆ మాట ఒప్పుకోవాలి. రైలు ఆగితే కేంద్రానిది పాపం, అడవి పోతే రాష్ట్రానిది పుణ్యం. పాపపుణ్యాలు ఇంత సమానంగా పంచుకునే సమాఖ్య వ్యవస్థ మరెక్కడా దొరకదు.

ఆ జూలైలోనే ఇంకో వింత. సర్గూజా రాజవంశీకుడు టి.ఎస్. సింగ్‌దేవ్ అప్పుడు మంత్రి. 2018 ఎన్నికల అఫిడవిట్‌లో సుమారు ఐదు వందల కోట్ల ఆస్తి చూపినవారు. ఆయన పంచాయతీ శాఖ వదిలేస్తూ ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. ఎనిమిది లక్షల మంది పేదలకు ఇళ్లు కట్టాల్సి ఉంటే నిధులు ఇవ్వలేదనీ, ఒక్క ఇల్లూ కట్టలేకపోయాననీ అందులో వాపోయారు. నేను నవ్వాలని చూశాను, నవ్వు రాలేదు. కోటలో పుట్టిన రాజాగారు గుడిసెవాళ్ల కోసం అలిగితే, కూలివాళ్ల గౌరవార్థం చద్దన్నం తినిపించిన ప్రభుత్వం ఉలకలేదు, పలకలేదు. మరుసటి ఏడాది ఎన్నికల్లో రాజాగారు అంబికాపూర్‌లో 94 ఓట్లతో ఓడిపోయారు.

అలిగిన రాజావారికి ఓటమి చిన్న శిక్ష. ఈ రాయ్‌పూర్‌లో అంతకంటే పెద్ద శిక్ష పడిన జమీందారు ఒకడున్నాడు.

1856లో ఈ ప్రాంతంలో కరువు వచ్చింది. సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్, బింఝ్వార్ తెగవాడు. ఆయన ఇలాకాలో జనం ఆకలితో అల్లాడుతుంటే కస్డోల్‌లో ఒక వ్యాపారి ధాన్యం కొట్లు నిండుగా ఉన్నాయి. అప్పుగా ఇమ్మని అడిగించాడు. వ్యాపారి ఇవ్వలేదు. జమీందారు కొట్టు పగలగొట్టించి ధాన్యం జనానికి పంచాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇలా చేశానని డిప్యూటీ కమిషనర్‌కు తానే ఉత్తరం రాశాడు! ఏ కాలంలోనైనా నేరం చేసిన పెద్దమనిషి మొదట చేసే పని ఉత్తరాలు కాల్చేయడం. ఈయన రాసి పంపాడు. జమీందారీకి అవసరమైన కనీస శిక్షణ కూడా లేదన్నమాట.

కంపెనీ దొరలకు కరువు కనబడలేదు, పగిలిన తాళం కనబడింది. అక్టోబర్‌లో పట్టుకున్నారు. మరుసటి ఏడాది ఉత్తరాదిన సిపాయిలు తిరగబడే సమయానికి ఆయన రాయ్‌పూర్ జైలు నుంచి తప్పించుకున్నాడు, అయిదు వందల మందిని పోగేసి నిలబడ్డాడు. ఆయన్ని లొంగదీయడానికి తెల్లవాళ్లకు సాయపడినవారిలో చుట్టుపక్కల జమీందారులూ ఉన్నారు. ఉండరా మరి? ఒక జమీందారు కరువులో గింజలు పంచితే పక్క జమీందారుకు ఎంత ఇబ్బంది! వాడి రైతులు కూడా అడగడం మొదలెడతారు. 1857 డిసెంబర్ 10న రాయ్‌పూర్‌లో నారాయణ్ సింగ్‌ను ఉరితీశారు. ఇవాళ జైస్తంభ్ చౌక్ ఉన్నచోటే అని ఊళ్లోవాళ్లు చెబుతారు. ఇప్పుడా చౌక్‌లో ఆటోలు, హారన్లు, సిగ్నల్ దగ్గర బెలూన్లు అమ్మే పిల్లలు.

స్వతంత్ర భారతం కృతజ్ఞత మరిచేది కాదు. ఆయన పేరు మీద తపాలా బిళ్ల వేసింది. కొత్త రాజధాని నవా రాయ్‌పూర్ పక్కన పర్సదా గ్రామంలో కట్టిన పెద్ద క్రికెట్ స్టేడియానికీ ఆయన పేరే పెట్టింది. షహీద్ వీర్ నారాయణ్ సింగ్ అంతర్జాతీయ స్టేడియం. ధాన్యం పంచినవాడి పేరు పరుగులు పంచేచోటికి. సరే, అదీ గౌరవమే. కానీ 2023 డిసెంబర్ ఒకటిన అక్కడ భారత్, ఆస్ట్రేలియా టీ20 ఆట జరగబోతుంటే ఒక సంగతి దేశమంతా పాకింది. ఆ స్టేడియానికి కరెంటు లేదు. బిల్లు బకాయి మూడు కోట్ల పదహారు లక్షలు. 2009 నుంచి కట్టలేదు. 2018లో కనెక్షన్ పీకేశారు. తర్వాత తాత్కాలిక కనెక్షన్ ఒకటి ఇచ్చారు, అది గ్యాలరీలకూ బాక్సులకూ సరిపోతుందట. ఫ్లడ్‌లైట్లు జనరేటర్ మీద వెలిగించి ఆట ఆడించారు. బిల్లు ఎవరు కట్టాలని అడిగితే ప్రజాపనుల శాఖ క్రీడా శాఖను చూపించింది, క్రీడా శాఖ ప్రజాపనుల శాఖను చూపించింది.

మీ ఇంట్లో ఒకసారి రెండు నెలల బిల్లు ఆపి చూడండి. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేటప్పుడు, ఇది మా ఆవిడ కట్టాల్సిన బిల్లు అని చెప్పి చూడండి. మా ఆవిడేమో ఇది మా ఆయన శాఖ అంటుందని కూడా చెప్పండి. తొమ్మిదేళ్లు ఆగుతాడేమో కనుక్కుని నాకు కబురు పంపండి.

బిల్లుల మాట వచ్చింది కాబట్టి కందేల్ గురించి చెప్పాలి. రాయ్‌పూర్‌కు దక్షిణాన ధమ్తరి దగ్గర పల్లె. 1920లో ఆ ఊరివాళ్లు కాలవ నీళ్లు దొంగిలించారని తెల్లదొరల ప్రభుత్వం నాలుగు వేల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. రైతులు మేం వాడలేదన్నారు. వానలు కురుస్తుంటే కాలవ నీళ్లు మాకెందుకన్నారు. కట్టం అన్నారు. అంతే, పశువులను తోలుకుపోయి సంతల్లో వేలం పెట్టారు. ఏ సంతలోనూ ఒక్కడూ పాట పాడలేదు. ఆవులూ ఎడ్లూ సర్కారు మీద పడి మేత మేశాయి. చివరికి జరిమానా రద్దయింది, ఆ డిసెంబర్‌లో గాంధీగారు రాయ్‌పూర్, ధమ్తరి వచ్చి వెళ్లారు. వాడని నీళ్లకు బిల్లు వస్తే రైతు ఎడ్లు వేలానికి పోయాయి. వాడిన కరెంటుకు బిల్లు వస్తే స్టేడియంలో ఆట ఆగలేదు. ఈ రెంటి మధ్య వందేళ్లూ ఒక స్వాతంత్ర్యమూ ఉన్నాయి.

నారాయణ్ సింగ్ చేసిన పొరపాటు మరో జమీందారు చేయకూడదని తెల్లవాళ్లకు తోచిందో ఏమో నాకు తెలియదు గానీ, రాకుమారుల కోసం వాళ్లు ఒక బడి పెట్టారు. 1882లో జబల్‌పూర్‌లో మొదలై 1894లో రాయ్‌పూర్‌కు వచ్చింది. అదే రాజ్‌కుమార్ కాలేజీ. ఛత్తీస్‌గఢ్, ఒరిస్సా సంస్థానాల వారసులు ఇక్కడ ఇంగ్లీషు, గుర్రపుస్వారీ, క్రికెట్ నేర్చారు. కాలేజీ రాయ్‌పూర్‌లో స్థిరపడి రెండేళ్లు నిండాయో లేదో 1896లో కరువు. తేరుకునేలోగా 1899లో ఇంకో కరువు. గోడకు లోపల రాకుమారులు గుర్రం మీద ఎలా కూర్చోవాలో నేర్చుకుంటుంటే, గోడకు బయట వాళ్ల ప్రజలు కరువు పనుల్లో రాళ్లు ఎలా కొట్టాలో నేర్చుకున్నారు. ఎవరి విద్య వారిది.

ఈ రాకుమారులకూ కష్టాలు రాకపోలేదు. 1948 జనవరి ఒకటిన ఛత్తీస్‌గఢ్‌లోని పద్నాలుగు సంస్థానాలు భారతదేశంలో కలిసిపోయాయి. పాపం, రాజ్యం పోయింది, భరణం మిగిలింది. 1971లో రాజ్యాంగం 26వ సవరణతో ఆ రాజభరణమూ పోయింది. ఆ మరుసటి ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేట కూడా పోయింది. ఏడాది తిరక్కుండా రెండు దెబ్బలు! తిండి పోయిన కష్టం చాలామందికి తెలుసు, పులి పోయిన కష్టం తెలిసినవాళ్లు ఎందరు?

ఆ వేట కథ కొంచెం విడమరిచి చెప్పాలి. ఈ కాలేజీలో చదివిన కోరియా రాజా రామానుజ్ ప్రతాప్ సింగ్‌దేవ్ 1947లో ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చారు. భారతదేశంలో చివరి చీతాలుగా లెక్కకొచ్చినవి అవే. చచ్చిన మూడింటినీ వరసగా పడుకోబెట్టి, వెనక తుపాకితో రాజావారు నిలబడిన ఫోటో ఇప్పటికీ దొరుకుతుంది. ఆయన పరిపాలనలో మంచిపనులు చేశాడన్న పేరూ ఉంది, కాదనను. పక్క సంస్థానం సర్గూజా మహారాజావారు వెయ్యికి పైగా పులులను చంపినట్టు ఖ్యాతి. అయిదేళ్లు గడిచాక, 1952లో, దేశంలో చీతా లేదని ప్రభుత్వం ప్రకటించింది.

డెబ్బై ఏళ్లు పోయాక ప్రభుత్వానికి చీతాల మీద బెంగ పుట్టింది. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలు విమానంలో వచ్చాయి. వాటిని వదిలింది మధ్యప్రదేశ్‌లోని కూనోలో. ఆ అడవిని అంతకు ముందే సింహాల పేరు చెప్పి ఖాళీ చేయించారు. ఇరవై నాలుగు ఊళ్లు, ఎక్కువమంది సహరియా ఆదివాసీలు. సింహాలు రాలేదు, మనుషులు మాత్రం వెళ్లిపోయారు. ఇటు ఛత్తీస్‌గఢ్‌లో అచానక్‌మార్ పులుల అభయారణ్యం నుంచి 2009లో ఆరు ఊళ్లను లేపారు. తుపాకి పేల్చింది రాజు, పరిహారం కట్టింది సహరియా. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటమని మన సామెత. ఇక్కడ ఎలుక అదనంగా పిల్లికి ఇల్లు కూడా ఖాళీ చేసిపెట్టింది. పులుల లెక్క తగ్గిందని కోటల తలుపు తట్టి అడిగిన అధికారి మాత్రం ఇంతవరకూ లేడు.

రాజులందరినీ ఒకే గాటన కడుతున్నానని ఎవరికైనా కోపం వస్తే బస్తర్ మహారాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌ను గుర్తు చేస్తాను. ఆయన అడవి మీదా భూమి మీదా ఆదివాసీల హక్కుల వైపు నిలబడ్డాడు. 1961లో ప్రభుత్వం ఆయన రాజగుర్తింపు తీసేసి తమ్ముడికిచ్చింది. 1966 మార్చి 25న జగ్దల్‌పూర్ కోటలోనే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు, ఆయనతో పాటు కోటలో ఉన్న ఆదివాసీలూ నేలకొరిగారు. ఆయనలో లోపాలు లేవని నేను అనడం లేదు, బోలెడు ఉండేవంటారు. కానీ లెక్క చూడండి. రైతులకు గింజలు పంచిన జమీందారుకు ఉరి. ఆదివాసీల వెంట నిలిచిన రాజుకు తూటా. పులులు చంపినవారికి రాజభరణం. కష్టంలో వాటా అడిగిన దొర ఈ నేలమీద బతికి బట్టకట్టలేదు.

ఇప్పుడు కిరీటాలు లేవు. కొత్త దొరలకు పొగగొట్టాలున్నాయి. రాయ్‌పూర్‌కు ఉత్తరాన ఉర్లా, సిల్‌తరా. స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నగరాల గాలిని లెక్కగట్టినప్పుడు సన్నటి దుమ్ములో రాయ్‌పూర్ ప్రపంచంలో నాలుగోది. ఢిల్లీ, పాట్నా, గ్వాలియర్ తర్వాత మనదే. ఘనపు మీటరుకు 134 మైక్రోగ్రాములు, అప్పటి పరిమితి పది. ఆ దుమ్ము ఊరందరికీ ఒకే కొలతలో అందదు. బీర్‌గావ్ వైపు వెళ్లి ఏ ఇంటి మేడ మీదైనా వేలితో గీయండి, కాటుకలా నల్లగా అంటుతుంది. ఆరేసిన పిల్లల యూనిఫాం సాయంత్రానికి బూడిద రంగు. నీళ్ల బిందె మీద మూత, మూత మీద నల్లటి పొర, పొర మీద వేలిముద్రలు. రాత్రిపూట పొగను వడగట్టే యంత్రాలు ఆపేస్తారని, కరెంటు ఖర్చు మిగుల్చుకుంటారని అక్కడివాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. విమానాశ్రయానికి పోయే దారికి రాయ్‌పూర్‌లో వీఐపీ రోడ్డనే పేరు. దాని వెంట హోటళ్లు, పెళ్లిమంటపాలు, పచ్చిక. మసి తయారుచేసే ఫ్యాక్టరీ పక్కన యజమాని ఇల్లు కట్టుకున్న దాఖలా నాకైతే కనబడలేదు.

ఆ కొత్త రాజధాని కోసమూ ఇరవై ఏడు ఊళ్ల రైతులు భూములిచ్చారు. ఇచ్చిన మాటలు నిలబెట్టమని 2022 జనవరి మూడు నుంచి నవా రాయ్‌పూర్‌లో బైఠాయించారు. మే డే నాడు దొరలు గిన్నెలతో ఫోటోలు దిగిన ఏడాదే అది కూడా.

ఇంకొకటి. రాయ్‌పూర్ నుంచి ధమ్తరికి 1900లో వేసిన చిన్న రైలు ఉండేది, నారో గేజి. ఊళ్లోవాళ్లు ఛోటీ రైల్ అనేవారు. అభన్‌పూర్, కురుద్ వైపు నుంచి కూరగాయల గంపలు, పాల క్యాన్లు, కూలికొచ్చే జనం అందులోనే నగరంలోకి దిగేవారు. నిదానంగా పోయేది, టికెట్టు చిల్లర డబ్బులు. కొన్నేళ్ల కిందట నగరంలో ఆ పట్టాలు పీకేసి, అదే జాగాలో కార్లకు ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. 2019లో అది ఓ చోట కుంగింది, బాగుచేశారు. గంప మోసుకొచ్చే మనిషికి ఎక్స్‌ప్రెస్‌వే మీద ఏ గేరులో నడవాలో ఎవరూ చెప్పలేదు.

ఇదంతా హిందీవాళ్ల గొడవ, మనకెందుకనుకుంటున్నారా? వస్తున్నా.

2022 జూలై ఏడున వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం మొదలైంది. ముఖ్య అతిథి బస్తర్ నుంచి వచ్చారు. కమల్‌చంద్ర భంజ్‌దేవ్, కాకతీయుల 22వ తరం వారసుడు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడన్నది వంశ చరిత్ర. ఏడు వందల ఏళ్ల తర్వాత ఇంటికొచ్చిన బిడ్డ అని మనవాళ్లు పొంగిపోయారు. ఓరుగల్లంతా సంబరం. పత్రికల్లో మొదటి పేజీ. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు. కాకతీయులంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది.

దానికి రెండేళ్ల ముందు ఆ బస్తర్ సీమ నుంచే ఇంకో అతిథి మన దగ్గరికి వచ్చింది. బీజాపూర్ జిల్లా పిల్ల, పన్నెండేళ్లు. 2020 ఫిబ్రవరిలో ములుగు జిల్లా పేరూరు వైపు మిరప కోతలకు వచ్చింది. మార్చి 25న లాక్‌డౌన్. పని ఆగింది, బండ్లు ఆగాయి. ఏప్రిల్ నడుమ తన ఊరివాళ్లతో కలిసి నడక మొదలుపెట్టింది. రోడ్డెక్కితే పోలీసులని అడవి దారిన. మూడు రోజులు, నూరు కిలోమీటర్ల పైన. ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకా పది పదిహేను కిలోమీటర్లుందనగా పడిపోయి చనిపోయింది. ఒంట్లో నీరు ఇంకిపోయిందన్నారు డాక్టర్లు. పరీక్ష చేస్తే కరోనా లేదు.

అన్నమదేవుడు తురకల సైన్యానికి జడిసి దాటినదీ ఇంచుమించు ఆ అడవులే. ఆయన్ని ఏ సరిహద్దులోనూ ఎవరూ ఆపలేదు, దాటాక సింహాసనం దొరికింది. ఈ పిల్ల పొట్టకూటికి దాటింది, తిరిగి దాటలేకపోయింది. మనం పూలదండ వేసిన వారసుడు మంచివాడే అయి ఉండవచ్చు. నా తగువు ఆయనతో కాదు. బస్తర్ నుంచి ఏడు వందల ఏళ్లకొకసారి వచ్చేవారికి స్వాగత తోరణం కట్టడం తెలిసిన మనకు, ఏటా జనవరిలో వేలమందిగా వచ్చేవారికి పొలం గట్టున ఒక రేకుల షెడ్డు వేయడం తెలియలేదు. వాళ్లు చేల పక్కనే పట్టా కప్పుకుని పడుకుంటారు. వాళ్లు కోసిన మిరపకాయే ఖమ్మం, వరంగల్ యార్డుల్లో ఎర్రటి కొండలై ధర పలుకుతుంది, మన ఇంటికొచ్చి ఆవకాయలో కారమవుతుంది. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవారెవరని మన పెద్దలు వేళాకోళంగా అడిగేవారు. మనం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాం, జవాబు బీజాపూర్ నుంచి ట్రాక్టర్ ఎక్కి వస్తోంది.

కాబట్టి భద్రాద్రి, ములుగు, ఖమ్మం జిల్లాల రైతన్నలకు ఒక్క మనవి. మీరూ అప్పుల్లో ఉన్నవాళ్లే, నాకు తెలుసు. ఈసారి కోతలకు బస్తర్ నుంచి జనం దిగినప్పుడు కూలి ముందే మాట్లాడండి, కాటా వాళ్ల కళ్లెదుటే వేయండి, తాగే నీళ్లూ తల దాచుకునే చోటూ చూపించండి, తిరిగి వెళ్లేటప్పుడు బండి ఎక్కించి పంపండి. గుంపులో పన్నెండేళ్ల పిల్ల కనబడితే చేలోకి దించకండి. రాజుగార్లకు స్వాగతం సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది.